పది పాసుకు పనివిద్య షరతా? తరచూ అడిగే ప్రశ్నలు

పదో తరగతి పరీక్షలు, మిరపకోతలు మన దగ్గర ఒకే కాలంలో మీదపడతాయి. మార్చిలో ఒకపక్క హాల్ టికెట్లు, ఇంకోపక్క కల్లాల్లో ఎండుకాయ. ఫలితాలు వచ్చేసరికి గుంటూరు యార్డులో రేటెంతో తేలిపోతుంది. చాలా ఇళ్లలో పిల్లల పైచదువు తేలేదీ ఆ రేటుతోనే. కాయ మంచి ధర పలికితే కార్పొరేట్ కాలేజీ, తాలు ఎక్కువై ధర పడిపోతే ‘ఏదో ఒక పని నేర్పే కోర్సు’. ఆ రెండో మాట ఇంట్లో మొదలైనప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలివి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. ఇప్పటి పల్నాడు, బాపట్ల కూడా అందులోవే.

పదో తరగతి పాస్ కావాలంటే ఏదైనా చేతిపని నేర్చుకుని తీరాలా?

అక్కర్లేదు. రాష్ట్ర బోర్డు ఎస్సెస్సీలో పాసు, ఫెయిలు తేల్చేవి మూడు భాషలు, లెక్కలు, సైన్సు, సోషల్. ఒక్కోదాంట్లో నూటికి 35 రావాలి, హిందీలో 20 చాలు. కొన్ని బడుల్లో ఒకేషనల్ ట్రేడు ఉంటుంది. దాని థియరీ పరీక్ష పది పరీక్షల టైంటేబుల్లో చివరన కనబడుతుంది. అది చూసి కొందరు కంగారుపడుతున్నారు. ఆ పరీక్ష ఆ ట్రేడు తీసుకున్నవాళ్లకే.

ప్రోగ్రెస్ కార్డులో ‘పని విద్య’ గ్రేడు వేశారు. అది తగ్గితే ఆపేస్తారా?

ఆపరు. ఆటలు, కళలు, విలువల విద్యలాగే అది కూడా పాఠ్యేతర అంశాల గ్రేడు. నిజం చెప్పాలంటే చాలా బడుల్లో ఆ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటారు. గ్రేడు మాత్రం అందరికీ పడుతుంది.

కొత్త విద్యావిధానంలో తప్పనిసరి అన్నారని విన్నాం. నిజమేనా?

సగం నిజం. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ప్రతి పిల్లా, పిల్లవాడూ ఏదో ఒక వృత్తిని చేత్తో చేసి చూడాలి. పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లో వడ్రంగి దగ్గరో, తోటమాలి దగ్గరో, కుమ్మరి దగ్గరో గడపాలి. 2025 కల్లా బడుల్లో, కాలేజీల్లో చదివేవాళ్లలో కనీసం సగం మందికి వృత్తివిద్య పరిచయం కావాలని గడువు కూడా పెట్టారు. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తొమ్మిది, పది తరగతుల సబ్జెక్టుల వరుసలో వృత్తివిద్యను చేర్చింది. అయితే విధానం వేరు, చట్టం వేరు. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. రాష్ట్ర బోర్డు తన పాస్ నిబంధన మార్చి ఉత్తర్వు ఇచ్చేదాకా మీ అబ్బాయి మార్కుల మెమోలో ఏ తేడా రాదు.

ఈ మాట కొత్తదేం కాదు. 1964–66 కొఠారి కమిషన్ బడిలో పని అనుభవం ఉండాలంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పనిని పాఠాల్లో కలపమంది. 1986 విద్యావిధానం ఇంటర్ స్థాయి పిల్లల్లో 1990 కల్లా 10 శాతం, 1995 కల్లా 25 శాతం మంది వృత్తికోర్సుల్లో ఉండాలని లెక్క వేసింది. ఆ లెక్క ఎక్కడిదాకా వచ్చిందో 2020 పత్రమే ఒప్పుకుంది. 19–24 ఏళ్ల మధ్య పనిచేసేవాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తివిద్య పొందినవాళ్లు మన దేశంలో 5 శాతం లోపు. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం.

ఇంకోచోట ఇది నిజంగానే షరతు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో హైస్కూలు పట్టా రావాలంటే కావలసిన 120 క్రెడిట్లలో 5 క్రెడిట్లు జీవన నైపుణ్యాలు, ఉద్యోగ సన్నద్ధత లేదా వృత్తి సాంకేతిక విద్య నుంచే రావాలి. అక్కడి ఎడిసన్‌లో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు కూడా ఆ గడప దాటే ఇంజినీరింగుకు వెళ్తున్నారు. అక్కడ డాక్టరు కొడుకైనా, డ్రైవరు కూతురైనా షరతు ఒకటే. అసలు సంగతి అదే.

మన దగ్గర భయం ఎక్కడ ఉందంటే, షరతు అందరికీ పెట్టరేమోనని. 1953లో, గుంటూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, రాజాజీ ప్రభుత్వం పల్లె ప్రాథమిక బడుల్లో పూటబడి పథకం తెచ్చింది. ఒక పూట చదువు, రెండో పూట తండ్రి చేసే పని. పట్టణాల పిల్లలకు ఆ షరతు లేదు. కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు; మరుసటి ఏడాది రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశారు. కాబట్టి రేపు ఎప్పుడైనా పదో తరగతికి వృత్తివిద్యను తప్పనిసరి చేస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: గుంటూరు కార్పొరేట్ స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్ చదివే పిల్లవాడికీ ఇది వర్తిస్తుందా? వర్తించకపోతే అది చదువు కాదు, మందను రెండుగా చీల్చడం.

మా ఊరి హైస్కూల్లో ట్రేడు ఉంది. తీసుకోమంటారా?

ముందు బడికి వెళ్లి గది చూడండి. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ హైస్కూళ్లలో వ్యవసాయం, ఎలక్ట్రానిక్స్, ఆటోమోటివ్, దుస్తుల తయారీ, ఆరోగ్య సేవలు వంటి ట్రేడులు పెట్టారు. పరికరాలు ఉన్నాయా, పెట్టెల్లోంచి బయటికి తీశారా, శిక్షకుడు ఏడాది పొడవునా వస్తున్నారా అన్నది చూడాలి. శిక్షకులను చాలాచోట్ల బయటి ఏజెన్సీల ద్వారా తీసుకుంటారు. ఒప్పందం ఆలస్యమైతే సగం ఏడాది ఆ గదికి తాళమే. ఇవన్నీ బాగుంటే నిశ్చింతగా తీసుకోండి. నష్టం లేదు, పది పాసుకు అడ్డు రాదు.

సీబీఎస్‌ఈ బడుల్లో పద్ధతి వేరు. అక్కడ ఆరో సబ్జెక్టుగా స్కిల్ సబ్జెక్టు తీసుకున్న విద్యార్థి లెక్కలు, సైన్సు, సోషల్‌లో ఏదో ఒకటి తప్పినా, స్కిల్ సబ్జెక్టు పాసై ఉంటే దాన్ని ఆ స్థానంలో లెక్కవేస్తారు. 2022లో మన రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్‌ఈకి మార్చి, 2024లో మళ్లీ రాష్ట్ర బోర్డుకు తెచ్చారు. ఆ గందరగోళంలో ఈ వెసులుబాటు అందరికీ ఉందని కొందరు అనుకుంటున్నారు. రాష్ట్ర బోర్డు పిల్లలు దాన్ని నమ్ముకోవద్దు.

ఒకేషనల్ ఇంటర్ అంటే ఇంటరేనా? తర్వాత డిగ్రీకి రానిస్తారా?

ఇంటరే. ఇంటర్ బోర్డు పెట్టే పరీక్ష, ఇంటర్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్. ఇంగ్లిషు, జనరల్ ఫౌండేషన్ కోర్సు, మూడు వృత్తి పేపర్లు, వాటి ప్రాక్టికల్స్, బయట పనిచోట శిక్షణ. మొత్తం 1,000 మార్కులు. పంటల ఉత్పత్తి, పాడి, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్, ఆటోమొబైల్, అకౌంట్స్ వంటివి ఉన్నాయి. ఉద్యోగ ప్రకటనలో ‘ఇంటర్ పాస్’ అని మాత్రమే ఉంటే మీ అమ్మాయి అర్హురాలే.

మోసపోయేది డిగ్రీ దగ్గర. ఎంపీసీ, బైపీసీ పిల్లలు చదివిన సైన్సు పేపర్లు ఒకేషనల్‌లో ఉండవు. అందుకే ఇంటర్ బోర్డు బ్రిడ్జి కోర్సు పెట్టింది. తీసుకున్న వృత్తికోర్సుకు తగ్గ బ్రిడ్జి సబ్జెక్టులు చదివి, ఆ పరీక్ష కూడా పాసైతే బీఎస్సీ, ఈఏపీసెట్ వంటి దారులు తెరుచుకుంటాయి. బ్రిడ్జి రాయకుండా రెండేళ్లు గడిపి, ఆనక కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు పరిశీలించే బల్ల దగ్గర ‘మీకు అర్హత లేదు’ అనిపించుకున్న పిల్లలు ఏటా ఉంటారు. తప్పు పిల్లలది కాదు. కాలేజీలో చేరేరోజు ఎవరో ఒకరు చెప్పాల్సింది చెప్పలేదు. కాబట్టి ఫీజు కట్టే ముందే ప్రిన్సిపాల్‌ను సూటిగా అడగండి: ఈ కోర్సుకు బ్రిడ్జి ఉందా, మీ కాలేజీలో బోధిస్తారా, దరఖాస్తు ఎప్పుడు? మూడింటికీ జవాబు రాకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.

బ్రిడ్జి కాకుండా ఇంకో దారీ ఉంది. సాంకేతిక వృత్తికోర్సులు చేసినవాళ్లు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. ఆపైన ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు. చుట్టుదారే, కానీ చేతిలో పనితో నడిచే దారి.

ప్రభుత్వ పథకాల గురించి: తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా వర్తిస్తుంది. ఒకేషనల్ ఇంటర్ కూడా ఇంటరే కనుక, ‘మీది ఒకేషనల్, మీకు రాదు’ అని ఎవరన్నా నమ్మకండి.

మాది పత్తి, మిరప సేద్యం. వ్యవసాయ డిప్లొమా మంచిదంటున్నారు. ఎవరు చేరవచ్చు?

మన ప్రాంతానికి అన్నిటికన్నా తగిన కోర్సు ఇదే అని నా ఉద్దేశం. ఇంట్లోవాళ్లు తరచు దీన్ని ఆఖరున తలుచుకుంటారు. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పదో తరగతి పాసైనవాళ్లకు రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా, విత్తన సాంకేతికత డిప్లొమా ఉన్నాయి. వ్యవసాయ ఇంజినీరింగ్ డిప్లొమా మూడేళ్లు. విశ్వవిద్యాలయ కేంద్ర కార్యాలయం గుంటూరు పక్కన లాంలోనే. లాం పరిశోధన క్షేత్రం 1922 నాటిది. ఎల్‌సీఏ 334 మిరప తెలియని రైతు మన దగ్గర లేడు. ఆ రకం అక్కడిదే. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. నిడుబ్రోలులో పుట్టిన రంగా గారు 1930లలో సొంత ఊళ్లోనే రైతు విద్యాలయం నడిపారు. అక్కడ ఎక్కువగా చెప్పింది రాజకీయ పాఠాలే, అయినా రైతుబిడ్డకు ప్రత్యేకంగా ఒక బడి అన్న ఊహ ఈ నేలకు కొత్త కాదు.

చేరేవాళ్లు ఒక నిబంధన గట్టిగా చూసుకోవాలి. ఒకటి నుంచి పది తరగతుల మధ్య కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ పరిధిలో లేని బడిలో చదివి ఉండాలని అడుగుతారు. నరసరావుపేటలోనో చిలకలూరిపేటలోనో హాస్టల్లో పెట్టి చదివించిన పిల్లలు రైతుబిడ్డలైనా ఇక్కడే చిక్కుకుంటారు. చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ ముందే తెచ్చిపెట్టుకోండి. డిప్లొమా అయ్యాక అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు వెళ్లే వీలుంది. ప్రైవేటు వ్యవసాయ పాలిటెక్నిక్ అయితే, దానికి ఆ ఏడాది విశ్వవిద్యాలయ గుర్తింపు ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టవద్దు.

ఈఏపీసెట్ ద్వారా వెళ్లే బీఎస్సీ అగ్రికల్చర్‌లో రైతు కోటా ఉంది. దానికి పల్లెలో చదివిన ఏళ్లతోపాటు తల్లిదండ్రుల పేరిట భూమి ఉన్నట్టు కాగితం కావాలి. ఈ మైదానంలో ఎక్కువ ఎకరాలు దున్నేది కౌలు రైతు. పాసుపుస్తకం ఉండేది గుంటూరులోనో హైదరాబాదులోనో ఉండే ఆసామి దగ్గర. నల్ల తామర పురుగుతో తోట పోతే అప్పులపాలయ్యేది ఒకరు, రైతు కోటా సీటు ఇంకొకరికి. ఈ నిబంధన మార్చాలని అడగడం రైతు సంఘాల పని. అవి మద్దతు ధర గురించి మాట్లాడినంతగా దీని గురించి మాట్లాడవు.

ఎనిమిదితో బడి మానేశాడు. ఐటీఐలో తీసుకుంటారా?

కొన్ని ట్రేడుల్లో తీసుకుంటారు. వెల్డర్, వైర్‌మన్, ప్లంబర్, కార్పెంటర్ వంటి వాటికి ఎనిమిది పాసు చాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి వాటికి పది కావాలి. వయసు కనీసం 14 నిండాలి. పది తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ తెచ్చుకునే ఏర్పాటుంది; అందుకు భాషా పేపర్లు వంటివి అదనంగా రాయాలి. ఐటీఐ కాగితం ఒక్కటే ఇంటర్ కాదు.

ఆడపిల్లను ఎలక్ట్రికల్‌లో చేర్పిస్తే ఒప్పుకుంటారా?

ఒప్పుకోక తప్పదు. సీట్లలో మూడోవంతు ఆడపిల్లలకే. ‘అమ్మా, కుట్టుపని తీసుకోకూడదూ’ అనే సలహా నిబంధన కాదు.

కోతల సమయంలో కూలీలు దొరకరు. పిల్లవాడు కాయ కోస్తే అది కూడా పని నేర్చుకోవడమేగా?

కాదు. బాలకార్మిక చట్టం 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత ఇంటి పనికి ఒక మినహాయింపు ఉంది: ప్రమాదం లేని పని, అదీ బడి అయ్యాక లేదా సెలవుల్లో. ఇక్కడ ‘కుటుంబం’ అంటే ఎవరో చట్టం పేరుపేరునా చెప్పింది. అమ్మానాన్నలు, తోబుట్టువులు, అమ్మానాన్నల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అంటే మేనత్త పొలమూ, మేనమామ పొలమూ కుటుంబం కిందే లెక్క. తాతయ్య, అమ్మమ్మ ఆ జాబితాలో లేరు. రాసినవాళ్లు సెలవులకు ఎప్పుడూ తాతగారి ఊరు వెళ్లినట్టు లేదు. పక్క రైతు చేనులో ముఠాతో కలిసి కూలికి పంపడం మాత్రం ఏ మినహాయింపులోకీ రాదు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా. తల్లిదండ్రులకు మొదటిసారి శిక్ష ఉండదు.

14 దాటి 18 లోపు ఉన్నవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. పురుగుమందు కొట్టే పంపును ఆ వయసు పిల్లల భుజానికి తగిలించకండి. దీనికి చట్టం పేజీ వెతకనక్కర్లేదు.

ఇక కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచీ, మన పడమటి మండలాల నుంచీ కోతలకు వచ్చే కుటుంబాల సంగతి. వాళ్ల పిల్లలు నెలల తరబడి గుడారాల్లోనే ఉండిపోతారు. వాళ్లకు విద్యాహక్కు చట్టం గట్టి అండ. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను ఏడాది మధ్యలో వచ్చినా బడిలో చేర్చుకోవాలి. టీసీ లేదని, పుట్టినతేదీ కాగితం లేదని వెనక్కి పంపకూడదు. టీసీ అడిగితే హెడ్మాస్టరు వెంటనే ఇవ్వాలి. కూలీలను పిలిపించుకున్న రైతు తన ఊరి బడికి ఆ పిల్లలను తీసుకెళ్లి పేర్లు రాయించడం ఒక పూట పని.

మిల్లులో ‘ట్రైనింగ్’ అని తీసుకెళ్తున్నారు. జీతం లేదు, స్టైపెండ్ అంటున్నారు. పంపవచ్చా?

కాగితం చూసి పంపండి. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం శిక్షణకు రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది నమోదు కావాలి. పిల్లవాడు మైనరైతే సంరక్షకుడు సంతకం పెట్టాలి. కనీస వయసు 14. ప్రమాదకర పరిశ్రమల్లో 18. 2019 నాటి నిబంధనల్లోనే చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా కనీస స్టైపెండ్ పెట్టారు. అంతకన్నా తక్కువ ఇస్తామంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే కార్మికులకు ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలి. శిక్షణ అయ్యాక అక్కడే పనిచేయాలన్న షరతు ఒప్పందంలో రాసి ఉంటే తప్ప, ఉద్యోగాన్ని మాత్రం చట్టం ఇప్పించదు. ఒకేషనల్ ఇంటర్ పాసైనవాళ్ల అప్రెంటిస్‌షిప్ వ్యవహారాలు చెన్నైలోని దక్షిణ ప్రాంత శిక్షణ బోర్డు చూస్తుంది. 30 మంది, అంతకుమించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. గణపవరం నూలు మిల్లుల నుంచి చీమకుర్తి గ్రానైటు దాకా ఈ లెక్కలోకి వచ్చేవి చాలానే ఉన్నాయి.

ఒప్పందం లేకుండా, హాస్టల్లో పెట్టి, మూడేళ్లయ్యాక పెళ్లికి పనికొచ్చే మొత్తం ఒకేసారి ఇస్తామంటే అసలే వద్దు. తమిళనాడు నూలు మిల్లుల్లో ‘సుమంగళి’ పేరిట ఆడపిల్లలను అలా తీసుకెళ్లి ఎన్నేళ్లు ఎలా వాడుకున్నారో దేశమంతా విన్నదే. పత్తి యంత్రాల దగ్గర ప్రమాదం ఎంతటిదో 1948లోనే గుర్తించారు: పత్తిని ప్రెస్ చేసే మిల్లులో, దూది విప్పే యంత్రం తిరుగుతున్న భాగంలో ఆడవాళ్లనూ పిల్లలనూ పనికి పెట్టకూడదని ఫ్యాక్టరీల చట్టం 27వ సెక్షన్ నిషేధించింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. యంత్రం, దాని పళ్లు మాత్రం పాతవే.

సమాధానం రాకపోతే ఎవరిని అడగాలి?

బడి సంగతైతే హెడ్మాస్టరు, తర్వాత ఎంఈవో, ఆపైన డీఈవో. ఒకేషనల్ ఇంటర్ అయితే జిల్లాలోని ఇంటర్ విద్యాధికారి. పిల్లలతో పని చేయిస్తున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.

నోటిమాటగా అడిగితే ‘చూద్దాం’ అంటారు. సమాచార హక్కు చట్టం కింద రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. ఏం అడగాలో తోచకపోతే ఇవి రాయండి: మా బడికి ఏ ట్రేడు మంజూరైంది, పరికరాలకు ఎంత వచ్చింది, శిక్షకుడు నిరుడు ఎన్ని రోజులు హాజరయ్యారు, ఎందరు పిల్లలకు సర్టిఫికెట్ ఇచ్చారు. దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.